మామిడితోటలో పెళ్లి, గుడిమల్కాపూర్ పూలు

మా అక్క పెద్దకూతురి పెళ్లి ఒక వైశాఖమాసంలో, హైదరాబాద్ పక్కన మొయినాబాద్ దాటి కొంచెం లోపలికి వెళితే వచ్చే ఒక మామిడితోటలో జరిగింది. ముహూర్తం ఉదయం 9 గంటలు దాటాక. మండపం కోసం తెప్పించిన తెల్ల, లేతగులాబీ రంగు కార్నేషన్లు ముందురోజు సాయంత్రమే బెంగళూరు నుంచి వచ్చాయి. ఎండాకాలం కాబట్టి తోటలో అన్నిటికంటే చల్లటి చోటు ఏదని వెతికి, తోట చూసుకునే ఆయన సామాను పెట్టుకునే పెంకుటింటి గదిలో వాటిని నీళ్ల బకెట్లలో నిలబెట్టి, ఎలుకలు దూరకుండా తలుపు గట్టిగా వేసి, మంచి పని చేశామన్న తృప్తితో పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు తీసేసరికి గదినిండా కమ్మటి మామిడిపండ్ల వాసన. బకెట్లలో పూలు వాడలేదు, రాలలేదు. రేకులన్నీ లోపలికి ముడుచుకుపోయి, నలిపి పెట్టిన కాగితపు ఉండల్లాగా ఉన్నాయి. నీళ్లు మార్చినా, కాడలు మళ్లీ కోసినా ఒక్కటి కూడా విచ్చుకోలేదు.

డెకరేషన్ వాళ్లు ఎండ అన్నారు. మా బావగారు సరుకు పాతదన్నారు. అసలు కారణం గది మూలన గడ్డి కింద మాగుతున్న నాలుగు గంపల బంగినపల్లి కాయలని నాకు చాలా రోజుల తరవాత గానీ తెలియలేదు. పండుతున్న కాయ నుంచి ఎథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. పక్క కాయను కూడా పండించేది అదే. ఆ వాయువుకు బొత్తిగా తట్టుకోలేని పూలలో కార్నేషన్ మొదటి వరసలో ఉంటుంది. మూసిన గదిలో ఒక్క రాత్రి చాలు, పూలు నిద్రపోయినట్టు ముడుచుకుపోతాయి, ఇక లేవవు. మామిడితోటను ఏరికోరి ఎంచుకున్నదీ మేమే, కార్నేషన్లను ఏరికోరి ఎంచుకున్నదీ మేమే. ఆ రెండింటికీ పొసగదని ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే తోటను ఒక ఆదివారం చూశాం, పూలను ఇంకో ఆదివారం ఇంకొకరి ఆఫీసులో, బొమ్మల్లో చూశాం.

నేను చెప్పదలచుకున్నది ఆ రెండు ఆదివారాల గురించే. ఆరుబయట పెళ్లి చేయాలనుకునేవారు స్థలాన్ని, పూలను రెండు వేరు వేరు పనులుగా పెట్టుకోవడం వల్లనే సగం డబ్బు, సగం మనశ్శాంతి పోతున్నాయి. ఏసీ ఫంక్షన్ హాలులో అది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ మే నెలా డిసెంబరూ ఒకటే, పగలూ రాత్రీ ఒకటే. ఏ పువ్వు పెట్టినా నాలుగు గంటలు నిలుస్తుంది. తోటలో అలా కుదరదు. అక్కడ నెల, ముహూర్తపు వేళ, నీడ పడే దిక్కు, కాళ్ల కింది మట్టి, ఇవన్నీ కలిసి ఏ పూలు పెట్టాలో ముందే సగం నిర్ణయించేసి ఉంటాయి. మనం చేయవలసింది ఆ నిర్ణయాన్ని చదువుకోవడం.

ఇంతకీ మేము ఆ తోట దాకా ఎందుకు వెళ్లామంటే, పెళ్లికూతురికి ‘రస్టిక్’ పెళ్లి, అంటే పల్లెటూరి తరహా పెళ్లి కావాలి. ఈ మాట ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ ఈవెంట్ వాళ్ల దగ్గరకు వెళ్లినా వినిపిస్తుంది. దాని కింద వాళ్లు చూపించే బొమ్మల్లో గోనెగుడ్డ రిబ్బన్లు కట్టిన గాజుసీసాలు, చెక్కపీపాలు, ఎండుగడ్డి మోపుల మీద పరిచిన దుప్పట్లు, సీసాల్లో జిప్సీ పూలు ఉంటాయి. గడ్డి నిలవ చేసుకునే చెక్కశాలలు ఉన్న దేశాల్లో, ఆ శాలలోనే పెళ్లి చేసుకునేవారికి, అవన్నీ చేతికందే సామాన్లు. అక్కడ వాటికొక అర్థం ఉంది. మన దగ్గరకు వచ్చేసరికి అదొక వేషం అయింది. మాకు చూపించిన ప్యాకేజీలో ఎడ్లు లేని ఎడ్లబండి, థర్మాకోల్‌తో చేసిన గిలకబావి కూడా ఉన్నాయి. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారని చెబితే, “ఫోమ్ షీటుతో చేయిస్తాం మేడమ్” అన్నారు. పక్కనే నిజమైన దిగుడుబావి ఉన్న తోటలో, దానికి జాలీ వేయించి, ఎదురుగా అబద్ధపు బావి పెట్టడానికి! మా అమ్మ ఆ బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, “ఈ గడ్డిమోపుల మీద కూర్చోవడానికా నేను కంచిపట్టు కట్టుకునేది?” అని అడిగి ఊరుకుంది.

మనకు ఊరి పెళ్లి అంటే పందిరి. ఇంటిముందు రాట పాతి, తాటాకో కొబ్బరాకో పరిచి, గుంజలకు గెలలతో ఉన్న అరటిచెట్లు కట్టి, మామిడాకుల తోరణం వేస్తే అయిపోయేది. పూలకు అక్కడ చాలా కొద్ది పని ఉండేది: దండలు, పూలజడ, వచ్చిన ఆడవాళ్ల తలల్లోకి మూరెడు చొప్పున. మండపాన్ని పూలతో కప్పేయడం ఫంక్షన్ హాళ్లు వచ్చాక, వాటి సిమెంటు స్తంభాలను దాచడానికి పట్టిన అలవాటని నా అనుమానం. పాతదంతా మంచిదని వాదించడం లేదు. తాటాకు పందిరి నిప్పు రవ్వకు భయపడేది, పైగా అది కట్టడం వచ్చినవాళ్లు నగరం చుట్టుపక్కల దొరకడం కష్టమైంది. కానీ ఆకుపచ్చే అలంకరణలో పెద్దభాగంగా, పువ్వు అందులో మెరుపుగా ఉండే ఆ లెక్క, ఆరుబయటకు ఇప్పటికీ సరిగ్గా సరిపోయే లెక్క. చుట్టూ మూడెకరాల మామిడి ఆకు ఉన్నప్పుడు దాన్ని తెల్లగుడ్డతో కప్పి ఆ గుడ్డ మీద ప్లాస్టిక్ తీగలు పాకించడం ఎందుకు?

అక్క రెండో కూతురి పెళ్లికి నేను ముందుగా అడిగింది, “నెల ఏది?” అని. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ తీసేయాలి. మూఢాలు పడిన ఏడాది మిగిలిన నెలల్లో కూడా ముహూర్తాలు గుప్పెడే ఉంటాయి, ఊరంతా అవే తేదీల మీద పడుతుంది, పూల ధర ఆ రోజుల్లో ఎవరి మాటా వినదు. మిగిలినవాటిలో ఒక్కో నెలది ఒక్కో గుణం. వైశాఖంలో మల్లెలు గంపలకొద్దీ వస్తాయి. కానీ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా సాయంత్రం గాలిదుమారంతో అకాల వర్షం ఎప్పుడైనా పడవచ్చు. జ్యేష్ఠంలో తొలకరి పడిన సాయంత్రం లైట్లు వేస్తే ఉసిళ్లు వచ్చి భోజనాల బల్లల మీద రాలుతాయి. అన్నంలో రెక్కలు ఏరుకున్న పెళ్లికి నేను వెళ్లాను కూడా. శ్రావణం ఆరుబయటకు పనికిరాదు, వరలక్ష్మీ వ్రతానికి పూల ధరలు చుక్కలనంటడం దానికి తోడు. కార్తీకం, మార్గశిరం అన్నివిధాలా మేలు: వాన వెనకబడుతుంది, బంతి ఇంకా దండిగా ఉంటుంది, చేమంతి రాత్రులు పొడుగయ్యేకొద్దీ పూసే మొక్క కాబట్టి అప్పుడే ఊపందుకుంటుంది.

మా రెండో అమ్మాయికి మాఘం వచ్చింది. చల్లగా ఉంటుంది, వాన భయం తక్కువ, చేమంతి దొరుకుతుంది, ఇంకేం కావాలని అందరూ అన్నారు. తోట మాత్రం మళ్లీ మామిడితోటే కావాలని పిల్ల పట్టు. ఈసారి నేను చూడటానికి ఒక్కదాన్నే వెళ్లి, చెట్టుకింద కుర్చీ వేయించుకుని, గంటసేపు కదలకుండా కూర్చున్నాను. లేచేసరికి కుర్చీ చేయి జిగటగా ఉంది, నా చీర కుచ్చిళ్ల మీద సన్నటి మెరుపు చుక్కలు ఉన్నాయి. మాఘంలో మామిడి పూతమీద ఉంటుంది. పూతను పట్టే తేనెమంచు పురుగు పీల్చిన రసాన్ని తీపి జిగురుగా కిందికి వదులుతుంది, ఆకులు నూనె పూసినట్టు మెరుస్తాయి. పూత కాలంలో మందు కొట్టిన తోటైతే ఆ బాధ తగ్గవచ్చు గానీ, మందు కొట్టిన చెట్లకింద విస్తళ్లు వేయడం నాకు ఇష్టం లేదు. అందుకని షామీర్‌పేట వైపు, మామిడి వెనకగా ఉండి ముందు రెండు పెద్ద చింతచెట్లు, వాటి మధ్య ఖాళీ జాగా ఉన్న స్థలాన్ని పట్టుకున్నాం. మామిడి ఫోటోల్లోకి వచ్చింది, చీరల మీదకు రాలేదు.

స్థలాన్ని ముహూర్తం పెట్టిన వేళకే వెళ్లి చూడాలని నేను ఎవరు అడిగినా చెబుతున్నాను. మనవాళ్లందరూ ఆదివారం భోజనం చేసి సాయంత్రం నాలుగింటికి వెళతారు; ఆ వెలుగులో ఏ జాగా అయినా బాగుంటుంది. మాది ఉదయం 8 గంటల 40 నిమిషాల ముహూర్తం. తూర్పు ముఖంగా పీటల మీద కూర్చుంటే ఆ వేళకు ఎండ సరిగ్గా కళ్లల్లో పడుతుంది. పురోహితుడిగారికి దిక్కు మారదు, సూర్యుడికీ మారదు; కాబట్టి మండపాన్ని చింతచెట్టు నీడ పొడుగ్గా పడే పడమటివైపుకు 20 అడుగులు జరిపాం, అంతే. అదే వేళకు వెళ్లడం వల్ల ఇంకొకటి కూడా కనిపించింది. రెండో చింతచెట్టు పైకొమ్మకు పెద్ద తేనెపట్టు ఉంది. దానికింద హోమం పొగ వేస్తే ఏమవుతుందో ఊహించడానికి కూడా భయమేసింది. తేనె తీసేవాళ్లను నెలముందే పిలిపించి, పట్టు తీయించి, ఆ తరవాత రెండుసార్లు వెళ్లి మళ్లీ పెట్టలేదని చూసుకున్నాం.

మట్టి సంగతి ముక్తసరిగా చెబుతాను. ఎర్ర చెలక నేల వాన పడ్డా గంటలో నీరు పీల్చుకుంటుంది. నల్లరేగడి అయితే ఒక్క జల్లుకు కార్లు కూరుకుపోతాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఈ రెండు నేలలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి గేటు దగ్గర కాకుండా కార్లు ఆపే చోట చూడాలి. రాత్రి ముహూర్తం వాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. మూసిన హాలుకు ఉన్న వెసులుబాటు తోటకు లేదు.

ముహూర్తపు వేళ పూలను ఎలా శాసిస్తుందో మల్లె చెబుతుంది. మల్లెను తెల్లవారుజామున మొగ్గగానే కోస్తారు. ఆ మొగ్గ పగలంతా ఓపికపట్టి సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రికి పరిమళం నిండుతుంది, మర్నాడు పొద్దెక్కేసరికి అంచులు ఎర్రబారతాయి. అంటే మల్లె రాత్రి పెళ్లి పువ్వు. ఉదయం ముహూర్తానికి ముందురోజు సాయంత్రం దండ తెచ్చుకుంటే మనం నిన్నటి పూవును మెడలో వేసుకుంటున్నట్టు; ఆ పొద్దున తెచ్చుకుంటే పచ్చి మొగ్గలను వేసుకుంటున్నట్టు. మా పెద్దమ్మాయి ఫోటోల్లో దండలు గోధుమరంగులో ఎందుకున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. ఉదయానికి చేమంతి, బంతి, నాటుగులాబీ, మధ్యలో ఘాటుగా మరువం, ధవనం ఉన్న దండ నిలుస్తుంది. లిల్లీ అని మనం పిలిచే నేలసంపెంగ కూడా ఉదయం, సాయంత్రం రెండింటికీ ఓర్చుకుంటుంది. దాని మొగ్గలు దండలో కుదురుగా కూర్చుంటాయి, రేకు దళసరి కాబట్టి తొందరగా నలగవు.

పెళ్లికి పదిహేను రోజుల ముందు, పెళ్లికూతురిని వెంటబెట్టుకుని గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు వెళ్లాను. మెహిదీపట్నం నుంచి అటు తిరిగేసరికే ఆటోలోకి తడిసిన ఆకుల వాసన వచ్చింది. తెల్లవారకముందే అక్కడ వ్యాపారం జోరుమీద ఉంటుంది. బంతి, చేమంతి గుట్టలుగా పోసి కిలోల్లో తూస్తారు, గులాబీలు 20 కాడలకు ఒక కట్ట, కట్టిన పూలు మూరల్లెక్క. మా పిల్ల చేతిలో ఫోన్, ఫోన్‌లో పాలనురుగులాంటి హైడ్రాంజియాల బొమ్మ. ఒక దుకాణంలో కూర్చున్న పెద్దామెకు దాన్ని చూపించి ఇది దొరుకుతుందా అని అడిగింది. ఆమె ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసి, “దొర్కుతది బిడ్డా, పైసలు పెడితే ఏదన్న దొర్కుతది. గని పందిట్ల ఎండ తగిల్తె గంటసేపు గూడ ఆగది. నీ లగ్గం ఎన్నిగంటలకు?” అని అడిగింది. పిల్ల చెప్పింది. “అయితె చామంతి కొనుక్కపో. పొద్దుమూకేదాంక నవ్వుతది,” అన్నది ఆమె. వేల రూపాయల ప్యాకేజీలో ఒక్కరూ అడగని ప్రశ్న ఆమె మొదటిమాటగా అడిగింది.

ఆరోజు కిలో బంతి, కిలో తెల్లచేమంతి కొనుక్కుని వచ్చి, ఇంట్లో నూలుదారంతో కట్టి చూశాం. ఒత్తుగా గుచ్చితే కిలో బంతికి సుమారు 12 అడుగుల దండ వచ్చింది; పూవుకూ పూవుకూ మధ్య రెండు మామిడాకులు మడిచి గుచ్చితే అదే కిలో 30 అడుగులకు పైగా సాగింది, చూడటానికి కూడా అదే బాగుంది. డెకరేషన్ వాళ్లు రాసిచ్చిన అంచనాలో పూల బరువులు ఎందుకు అలా ఉంటాయో ఆ సాయంత్రం తెలిసింది. మా రెండో పెళ్లి మండపానికి నాలుగు అరటిచెట్లు, మామిడాకుల తోరణాలు, వాటి మధ్య పసుపు, తెలుపు చేమంతి, పీటల వెనక లిల్లీ సరాలతో ఒక తెర, అంతకుమించి పెట్టలేదు. చేమంతి మూటలు ముందురోజు రాత్రి వచ్చాయి, తడిగోనె కప్పి చెట్టుకిందే ఉంచాం. గదిలో పెట్టడానికి నేను ఒప్పుకోలేదు, ఆ గదిలో మాగుతున్న కాయలేవీ లేకపోయినా.

ఇక్కడ నా మాటకు ఒక అడ్డు వస్తుందని తెలుసు. బంతి మాత్రం మనదా, మెక్సికో వైపు నుంచి వచ్చింది కదా, లిల్లీదీ అదే ఊరు, చేమంతి చైనాది అని మా మేనల్లుడు వాదించాడు. నిజమే. ఏ పువ్వు ఎక్కడ పుట్టిందన్నది నా పట్టింపు కాదు. పెళ్లినాటికి రెండు రోజుల ముందు అది ఎక్కడ ఉంది అన్నది నా ప్రశ్న. చేవెళ్ల చేనులో ఉన్న బంతికి విమానం అక్కర్లేదు, చల్లటి పెట్టె అక్కర్లేదు, నిలబెట్టడానికి ఆకుపచ్చ స్పాంజి అక్కర్లేదు.

ఆ స్పాంజి గురించి ఆగి చెప్పాలి. కాడపూలను గుచ్చడానికి వాడే ఆ ఇటుకలు ప్లాస్టిక్‌వే. వేలితో నొక్కితే పొడి అవుతాయి, ఆ పొడి ఎన్నేళ్లయినా మట్టిలో కలవదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన పూల ప్రదర్శనల్లో 2021 నుంచి దాన్ని వాడనివ్వడం లేదు. మా మొదటి పెళ్లి మర్నాడు తోట వెనకవైపు వెళితే, ఆ ఇటుకలు, రంగు స్ప్రే కొట్టిన నీలిపూలు, నైలాన్ దారాలు, మెరుపుకాగితాలు కలిపి ఒక గుట్టగా కాలువగట్టున పోసి ఉన్నాయి. ఆ తోటలో పడిన వాన ఏ చెరువుకు పోతుందో నాకు తెలుసు. 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు నగరం తాగిన నీళ్లు. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలను అదుపుచేయడానికే 1996లో 111 జీవో తెచ్చారు. ఆ జీవో మీద ఎవరి వాదన వారికి ఉంది గానీ, కాలువగట్టున మా ఇంటి పెళ్లి చెత్తను సమర్థించే వాదన నా దగ్గర లేదు. రెండో పెళ్లిలో అరటినార, నూలుదారం తప్ప వేరేది వాడకూడదని ఒప్పందంలోనే రాయించాం. దండలన్నీ మూడో రోజు మామిడిచెట్ల పాదుల్లోకి వెళ్లాయి.

ఖర్చు తగ్గిందా అని అందరూ అడుగుతారు. పూలమీద బాగా తగ్గింది. కానీ జనరేటరు, తాత్కాలిక బాత్‌రూములు, పెద్దవాళ్లను గేటు దగ్గర నుంచి మండపం దాకా తీసుకురావడానికి రెండు బ్యాటరీ బండ్లు, ఇవన్నీ కలిపితే మొత్తం హాలు పెళ్లికంటే తక్కువేమీ కాలేదు. తోట చౌక అన్నవారి మాట నమ్మవద్దు. వైశాఖంలో, మధ్యాహ్నం ముహూర్తానికి, ఇంట్లో ఎనభై దాటినవాళ్లు ఉంటే హాలుకే వెళ్లమని నేనే చెబుతాను. ఫోటోల విషయానికి వస్తే, పసుపు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుందని ఫోటోగ్రాఫరు భయపెట్టాడు. తీరా చింతనీడలో ఉదయపు వెలుగుకు ఆ పసుపు, పెళ్లికూతురి మధుపర్కం చీర, తలంబ్రాల బియ్యం అన్నీ ఒకే రంగు కుటుంబంలో కలిసిపోయాయి.

ఒక్కరిని మాత్రం ఒప్పించలేకపోయాను. మాఘంలో మల్లె దొరకడమే కష్టం, దొరికినా మొగ్గల్లెక్కన కొనుక్కోవాలి. అందుకని ఆడవాళ్ల తలల్లోకి కాగడాలు, కనకాంబరాలు కలిపి కట్టించాం. చూపుకు నిండుగా ఉన్నాయి, తలంబ్రాలయ్యేదాకా వాడలేదు. మా అమ్మ తనకిచ్చిన మూరెడు తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇటూ అటూ తిప్పి, “కాగడాలకు వాసనేదే? పెళ్లిపందిట్లో మల్లెపూలు లేకపోవడమేమిటి, వైశాఖంలో పెట్టుకోలేకపోయారూ?” అన్నది.